చెయ్యి చెప్పిన సాక్ష్యం

డాక్టర్ లక్ష్మీనరసమ్మ ఆ వేలిని గట్టిగా లాగలేదు. పసిబిడ్డ పిడికిలి తెరిచినంత మెల్లగా చౌడప్ప చూపుడువేలిని వెనక్కి చాపింది, అంతే. అతను పెట్టిన కేకకు నర్సింగ్‌హోం వరండాలో టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు చేతబట్టుకొని లేచి నిలబడ్డారు.

"చూసినారా వేషం!" అన్నాడు గుమ్మానికి అడ్డంగా నిలబడిన ఏసురత్నం. "వేలు ముట్టుకుంటే ప్రాణం పోతాందంట. నాటకాల కంపెనీవాళ్ళు చూస్తే వీణ్ణి రాత్రికి రాత్రి ఎత్తుకుపోతారు."

 ఆ మాటే డిటెక్టివ్ హమీద్ నోటి చివర కూడా ఉంది. తన వృత్తిలో దొంగనొప్పులు ఎన్ని చూశాడని! కడుపు పట్టుకొని మెలికలు తిరిగి, తలుపు మూయగానే బీడీ వెలిగించినవాళ్ళు ఉన్నారు. చౌడప్ప కుడిచెయ్యి చూస్తే వంకర లేదు, తెగిన గాయం లేదు, నెత్తురు చుక్క లేదు. మోచెయ్యి కింది నుంచి మణికట్టు దాకా బిర్రుగా ఉబ్బి ఉంది. ఆ మాత్రం వాపుకు పెళ్ళాం బిడ్డలున్న మొగవాడు ఇంత అరుస్తాడా?

అరిచేవాడు మామూలు రోగి కూడా కాదు. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి లింగప్పను నిన్న రాత్రి అతని ఇంట్లోనే ఎవరో తల పగలగొట్టి చంపేశారు. పదిన్నరకు లోపలి నుంచి కేక విన్నానని వీధి కాపలావాడు చెప్పాడు. లింగప్ప మగ్గాల మీద చాలా ఏళ్ళుగా నేస్తున్న చౌడప్ప నిన్న మధ్యాహ్నం నుంచి ఊళ్ళో లేడు. ఈ పొద్దున పెనుకొండ దగ్గర రోడ్డు పక్కన చెయ్యి పట్టుకొని ఏడుస్తూ, వెతుక్కుంటూ వచ్చిన భార్య రామక్కకు దొరికాడు. ఆమె చీరచెంగు చించి చేతికి బిగించి కట్టి, బస్సెక్కించి హిందూపురం తీసుకొచ్చింది. వెనకాలే లింగప్ప తమ్ముడు నంజుండప్ప జీపులో దిగాడు. ఆ జీపు నడుపుకుంటూ వచ్చినవాడే ఏసురత్నం. అనంతపురంలో పేరున్న డిటెక్టివ్. వాళ్ళను చూసి రామక్క కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా ఆ ఊళ్ళోనే ఉన్న హమీద్ ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది.

"మా ఇంటాయన చీమను గూడా తొక్కడు సార్. మీరు రాకపోతే వాళ్ళు కట్టేసి తీసకపోతారు."

అందుకే హమీద్ ఇక్కడున్నాడు. కాని ఆ కేక విన్నాక అతనిలో అనుమానం ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసుకొని నిలబడింది.

"ఎక్స్‌రేలో ఏముంది డాక్టరమ్మా?"

"ఏమీ లేదు. రెండు ఎముకలూ చక్కగా ఉన్నాయి. అదే నాకు భయం."

"ఇంకేం!" ఏసురత్నం లోపలికి వచ్చి చౌడప్ప మణికట్టు పట్టుకున్నాడు. "నాడి గుర్రం పరుగెత్తినట్లు కొట్టుకుంటాండాది. వేళ్ళు వెచ్చగా ఉండాయి. ఎముక విరగలేదు, నెత్తురు ఆడుతాండాది. ఇంక వీనికి వచ్చిన జబ్బేమి తల్లీ? పోలీసుల జబ్బా?"

"చెయ్యి వదలండి." డాక్టరు గొంతు పెంచలేదు. "నాడి ఆగేదాకా చూస్తూ కూర్చుంటే ఆ తర్వాత ఈ చెయ్యి తీసి పారేయడం తప్ప నాకు వేరే పని ఉండదు."

ఏసురత్నం వదిలాడు. డాక్టరు హమీద్ వైపు తిరిగింది.

"మీరు ఈ వాపు మీద వేలు పెట్టి నొక్కండి. మెల్లగా."

హమీద్ నొక్కాడు. మామూలు వాపు మెత్తగా లోపలికి పోతుంది. ఇది పోలేదు. చర్మం కింద కొయ్య పెట్టి కుట్టినట్లుంది. చర్మం నిగనిగలాడుతోంది.

"వేరుశెనక్కాయలు గోనెసంచిలో కుక్కి, మూతి కుట్టేసి, నీళ్ళలో వేసినారనుకోండి," అంది డాక్టరు. "కాయలు ఉబ్బుతాయి. సంచి సాగదు. మన ముంజేతిలో కండల చుట్టూ అట్లాంటి గట్టి పొర ఉంటుంది. లోపల కండ వాచిపోతే ఆ ఒత్తిడికి సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. పెద్దనాళం మాత్రం పారుతానే ఉంటుంది. అందుకే నాడి దొరుకుతుంది. నాడి ఉంది కదా అని ఇంటికి పంపేస్తే కండ, నరం ఊపిరాడక లోపలే చచ్చిపోతాయి."

"మరి ఆ కేక?"

"ఆ కేకే గుర్తు. కనిపించే దెబ్బ ఇంత, నొప్పి కొండంత. వేలు సాగదీస్తే లోపలి కండ సాగుతుంది. అందుకే ప్రాణం పోయినట్లు అరుస్తాడు. బొటనవేలి పక్కన దూదితో రాస్తే తెలియడం లేదంటున్నాడు. అంటే నరానికి దెబ్బ మొదలైంది." ఆమె కత్తిరించి పడేసిన చీరపీలిక వైపు చూపించింది. "బిగించిన కట్టు వల్లనేమోనని మొదట దాన్ని కోసేశాను. ఒక్కోసారి దానితోనే తగ్గుతుంది. అరగంట చూశాను. తగ్గలేదు, పెరిగింది. ఇది అరుదుగా వచ్చే జబ్బు. నేను చదువుకునే రోజుల్లో ఒక్కటే చూశాను. ఆ పిల్లవాడికి సూది వేసి పడుకోబెట్టినారు. తెల్లారి నొప్పి పోయిందని ఇంటిల్లిపాదీ దేవుడికి దండం పెట్టుకున్నారు. నొప్పి పోయింది నరం చచ్చి."

మంచం మీద చౌడప్ప పళ్ళు కొరుకుతూ మూలుగుతున్నాడు. హమీద్‌కు లోపల ఏదో సిగ్గు లాంటిది తగిలింది. దాన్ని అటు నెట్టి అడిగాడు.

"ఏం చేయాల?"

"పైనుంచి కింది దాకా నిలువునా కోసి ఆ పొరను విప్పేయాలి. ఒత్తిడి దిగిపోతుంది. గాయాన్ని కుట్టకుండా కొన్నాళ్ళు తెరిచే ఉంచాలి. వాపు మొదలైన ఆరు గంటల లోపల చేస్తే చెయ్యి చెయ్యిగా మిగులుతుంది. ఇతను పొద్దున ఆరింటికి లేచానంటున్నాడు. ఇప్పుడు పదకొండున్నర."

'కోసి' అన్న మాట వినగానే మూల నిలబడిన రామక్క ముందుకొచ్చింది.

"చెయ్యి తీసేస్తారా తల్లీ? ఆసుపత్రికి పోతే చెయ్యి కోసి పంపిస్తారని మా వీధిలో అందరూ చెప్తానే ఉంటారు. పోతే పోనీ, నేను కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి తీసకపోతా. కుడిచెయ్యి లేకపోతే మగ్గంలో నాడె యెవురు ఇసురుతారు?"

"నాడె విసరాలనే కోస్తున్నాను రామక్కా. తీసేయడం కాదు, తెరవడం. ఇప్పుడు ఇంకో కట్టు వేసినావంటే మాత్రం నీ మొగుడి చెయ్యి రేపటికి పక్షి గోరులాగా ముడుచుకుంటుంది, మళ్ళీ చాచుకోదు."

రామక్క మొగుణ్ణి చూసింది. డాక్టరును చూసింది. చివరికి హమీద్‌ను చూసింది.

"సార్, మీరేమంటారు?"

హమీద్‌కు తన జీవితంలో ఇంత కష్టమైన ప్రశ్న ఎవరూ వేయలేదు. "ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వెయ్యమ్మా," అన్నాడు.

"ఆగండాగండి!" ఏసురత్నం రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "కోస్తే సాక్ష్యం పోతాది. ఆ చేతిమీద గీతలు చూసినారా? లింగప్ప పెనుగులాడినప్పుడు గీరిన గోళ్ళ గుర్తులు అవి. కత్తి పెట్టినాక వాటిని ఎవురు చూపిస్తారు జడ్జికి? ఏమమ్మా, ఒక చెయ్యి కాపాడి ఒక హంతకుణ్ణి ఒదిలేస్తావా?"

గీతలు! హమీద్ వాటిని ఇందాకే చూశాడు. చూసి వదిలేశాడు. ఇప్పుడు వంగి మళ్ళీ చూశాడు. ముంజేతి లోపలి పక్క ఎర్రగా నాలుగు చారలు. గోళ్ళు గీరితే చర్మం చీలుతుంది. ఇక్కడ చర్మం చీలలేదు, లోపలికి నొక్కుకుపోయింది. గీతలు తిన్నగా లేవు. నాలుగూ ఒకే వంపుతో, ఒకదాని వెనక ఒకటి, రాయి వేసిన నీటిలో అలల మాదిరి పోతున్నాయి. రెండో చార, మూడో చార మధ్య మాత్రం ఎడం తక్కువ. అక్కడ అడ్డంగా చిన్న ముడి లాంటి అచ్చు.

"డాక్టరమ్మా, ఎముక విరక్కుండా ఈ జబ్బు ఎట్లొస్తాది?"

"చేతిమీద పెద్ద బరువు గంటల తరబడి పడి ఉండాలి. గోడ కూలి కింద చిక్కుకున్నవాళ్ళకు వస్తుంది. లేకపోతే ఒళ్ళు తెలియని మత్తులో తన చేతిమీద తానే పడుకున్నవాడికి వస్తుంది. మామూలు నిద్రలో చెయ్యి తిమ్మిరెక్కితే మనం పక్కకు తిరుగుతాం. మత్తులో తిరగలేం."

నర్సు కుళ్ళాయమ్మ గాజుసీసా ఒకటి పట్టుకొచ్చింది. అందులో చౌడప్ప మూత్రం డికాషన్ రంగులో ఉంది.

"నలిగిన కండ రంగు నెత్తురులో కలిసి ఇట్లా బయటికి వస్తుంది," అంది డాక్టరు. "మూత్రపిండాలకు కూడా గండం. సెలైన్ పెట్టు కుళ్ళాయమ్మా, థియేటరు సిద్ధం చెయ్యి."

"ఎన్ని గంటలు పడుకొని ఉంటాడు?" హమీద్ వదల్లేదు.

"ఇంత నలగాలంటే ఎనిమిది గంటలకు తక్కువ ఉండదు. కోర్టులో అడిగినా ఇదే చెప్తాను."

హమీద్ ఏసురత్నం వైపు తిరిగాడు. "ఆరింటికి లేచినోడు ఎనిమిది గంటలకు పైగానే కదలకుండా పడుండాడు. అంటే రాత్రి పది పదిన్నరకు ఈ చెయ్యి వీని ఒంటి కింద నలుగుతాండాది. లింగప్ప తలకాయ పగలగొట్టింది ఏ చేత్తో అప్పా?"

"అది మీ డాక్టరమ్మ లెక్క." ఏసురత్నం మీసం కింద పెదవి బిగిసింది. "యాడ పడుకున్నాడో చూపించు, ఒప్పుకుంటా."

హమీద్ అప్పటికే కుళ్ళాయమ్మను అడిగి కడిగేసిన పాత ఎక్స్‌రే ఫిల్ము ఒకటి, ఫిల్ముల మీద పేర్లు రాసే ఎర్ర పెన్సిలు తీసుకున్నాడు. అద్దంలాంటి ఆ ఫిల్మును చౌడప్ప చేతిమీద బరువు పడకుండా పట్టుకొని, నాలుగు చారలనూ, ఆ ముడినీ ఉన్నదున్నట్లు దించాడు. దించుతూనే అడిగాడు.

"చౌడప్పా, నా మొగం చూడు. నిన్న యాడ ఉండావు?"

"పెనుకొండ తట్టు."

"ఎవురి పని మీద పోయినావు?"

చౌడప్ప మొగం గోడ వైపు తిప్పుకున్నాడు. చెమట కారుతోంది.

"నీ చెయ్యి డాక్టరమ్మ కాపాడుతాది. నీ మెడ కాపాడాల్సింది నేను. మాట్లాడు."

"కాఫీ తాగినా సార్. కండ్లు మూతలు పడినాయి. లేస్తే తెల్లారి ఉండాది. ఈ చెయ్యి నాది కాదనిపించింది, కట్టె మాదిరి ఉండింది. కాసేపటికి మంట మొదలాయ. అబ్బా, అమ్మా..."

"ఎవురిచ్చిన కాఫీ?"

చౌడప్ప చూపు హమీద్ భుజం మీదుగా గుమ్మం వైపు పోయింది. అక్కడ ఏసురత్నం, అతని వెనక తెల్లచొక్కాలో నంజుండప్ప నిలబడి ఉన్నారు. చౌడప్ప నోరు గట్టిగా మూసుకున్నాడు. ఏసురత్నం మీసాలు చూసి జడుసుకున్నాడనుకున్నాడు హమీద్.

అతని గడ్డం మీద మాత్రం ఏదో మెరిసింది. హమీద్ రెండు వేళ్ళతో తీశాడు. సాలెగూడు పోగు లాంటి పట్టునుసి.

"పట్టు నేసేవానికి పట్టు అంటుకోక పీచుమిఠాయి అంటుకుంటాదా?" ఏసురత్నం నవ్వాడు.

"మగ్గం మీది పట్టుకు పురి ఉంటాది, రంగు ఉంటాది. దీనికి రెండూ లేవు. ఇది మగ్గం దాకా రాని పట్టు." హమీద్ ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. ఎర్ర వంపులు వెలుతురులో తేలాయి. ఆ వంపులను ముందుకు సాగదీస్తే గుండ్రంగా చుట్టుకుంటూ పోయే వెదురుచుట్టలు కనిపించాయి అతనికి. అత్తగారి ఊళ్ళో ప్రతి ఇంటి వసారాలోనూ గోడకు ఆనించి పెట్టే వెదురుతట్టలు అవి. పండిన పట్టుపురుగులను గూడు కట్టడానికి ఎక్కించే తట్టలు.

"చంద్రిక," అన్నాడు పైకే. "ఏసురత్నం, నీ జీపు తియ్యి. పెనుకొండ కాడ రామక్కకు ఈయప్ప దొరికిన చోటుకు దగ్గర్లో పట్టుపురుగులు పెంచే ఇండ్లు యాడుండాయో చూద్దాం. ఈ ఫిల్ముకు సరిపోయే చంద్రిక దొరక్కపోతే నేనే వీణ్ణి నీ జీపులో కూచోబెడతా."

"మాట తప్పకూడదు."

"తప్పితే నా ఆఫీసు బోర్డు తీసి నీ ఇంటికి తగిలించుకో."

వెనక నుంచి నంజుండప్ప మెత్తగా అన్నాడు: "పోయిరండప్పా. మా అన్నను తిన్నోడైనా నొప్పి నొప్పే గదా. కోసేది కోయనీ. నేను ఈడనే ఉంటా."

స్ట్రెచరు కదిలింది. రామక్క సిరా అంటిన బొటనవేలిని చీరకు తుడుచుకోవడం కూడా మరిచిపోయి దాని వెంట పరుగెత్తింది.

*

రెండు ఇండ్లలో సరిపోలేదు. మొదటి ఇంట్లో చంద్రికల చుట్టలు మరీ వెడల్పు. రెండో ఇంటాయన పురుగులు జబ్బుచేసి పోయాయని నెలకిందటే చంద్రికలన్నీ పొయ్యిలో పెట్టేశాడు. ఏసురత్నం దారి పొడుగునా ఈల వేస్తున్నాడు. ఆ ఈల హమీద్‌కు పంటి కింద ఇసుకలాగా ఉంది. ఈపాటికి డాక్టరమ్మ కత్తి పెట్టి ఉంటుంది. లోపల కండ ఎర్రగా ఉందా, నల్లబడిందా? తాను చెప్పబట్టే ఆ ఆడమనిషి వేలిముద్ర వేసింది.

మూడో ఇల్లు మల్బరీ తోటకు ఆనుకొని ఉంది. ఇంటావిడ వెంకటక్క గడప మీదే నిలబడి చేట అడ్డం పెట్టింది.

"ఆడనే ఆగండి. గడపకు సున్నం చల్లిండేది కనపడలేదా? ఏమప్పా మీసాలాయనా, సిగరెట్టు తాగి వచ్చినావా? నీ వాసనకు నా పురుగులన్నీ సస్తాయి. అవతలికి పో."

"అమ్మా, నేను డిటెక్టివ్."

"అయితే డిటెక్టివ్ సిగరెట్టుకు వాసన ఉండదా?"

ఏసురత్నం ఈల ఆగిపోయింది. హమీద్ చెప్పులు విప్పి, తొట్టి దగ్గర కాళ్ళూ చేతులూ మొగమూ కడుక్కొని, సున్నం మీద పాదాలు అద్ది నిలబడ్డాడు. వెంకటక్క ముఖం కొంచెం మెత్తబడింది.

"తెలిసినోని మాదిరే ఉండావే."

"మా అత్తగారి ఇంట్లో నేర్పించినారక్కా. నిన్న నీ ఇంట్లో ఒక మనిషి పడుకున్నాడా?"

వెంకటక్క చేతిలో చేట కిందికి దిగింది. "ఆయప్పకు ఏమన్నా అయిందా?"

"చెయ్యి పోయేటట్లుండాది. యాడ పడుకున్నాడో చూపిస్తావా?"

ఆమె పక్కకు తప్పుకుంది. పురుగుల గది చీకటిగా ఉంది. గోడల పొడుగునా చంద్రికలు, వాటి నిండా గూళ్ళు కట్టుకుంటున్న పురుగులు. సన్నటి వాన చినుకుల్లాంటి చప్పుడు. ఆ గదిలో నుంచే పోవాలి లోపలి కొట్టుకు, వేరే దోవ లేదు. కొట్టు కిటికీ తెరిస్తే కింద రెండు గోనెపట్టాలు పరిచి ఉన్నాయి. పట్టాల అంచుకు ఆనుకొని మూడు ఖాళీ చంద్రికలు నేలమీద పడి ఉన్నాయి. మనిషి పట్టాల మీద ఒక పక్కకు ఒరిగి పడుకుంటే, ఒంటి కింద చిక్కిన కుడిచెయ్యి అంచు దాటి సరిగ్గా వాటిమీద పడుతుంది. పైనున్న దాంట్లో జానెడు మేర వెదురుచుట్టలు అణిగిపోయి ఉన్నాయి. పాత గూళ్ళు పీకేసినప్పుడు మిగిలిన నుసి ఇంకా అంటుకొనే ఉంది.

హమీద్ దాన్ని వసారాలోకి తెచ్చి కింద పెట్టాడు. ఎక్స్‌రే ఫిల్మును ఏసురత్నానికి ఇచ్చాడు.

"నేను పెడితే గారడీ అంటావు. నువ్వే పెట్టు."

ఏసురత్నం ఈసారి తానూ మొగం కడుక్కొని వచ్చి, ఉంగరాలు తీసి జేబులో వేసుకొని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఫిల్మును జరిపాడు. తిప్పాడు. మళ్ళీ జరిపాడు. ఒకచోట అతని చేతులు నిలిచిపోయాయి. నాలుగు ఎర్రగీతలు నాలుగు చుట్టల మీద కూర్చున్నాయి. రెండో చుట్ట, మూడో చుట్ట దగ్గరగా జరిగిన చోట, విరిగిన వెదురుబద్దను నారతో కట్టిన ముడి ఉంది. ఎర్ర పెన్సిలు చుక్క ఆ ముడి మీద ఉంది.

అతను ఆ ముడిని వేలితో తడిమాడు.

"ఇది నువ్వు కట్టిందేనా అక్కా?" అన్నాడు చివరికి. గొంతులో వెటకారం లేదు.

"పోయిన పంటకు ఇరిగితే నేనే కట్టినా."

"రాత్రంతా ఆ మనిషి అట్లే పడుండాడే, ఒక్కసారన్నా పోయి పక్కకు తిప్పకూడదా?" హమీద్ అడిగాడు.

వెంకటక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "యెట్ల తిప్పేది నాయనా? ఆయప్పను కొట్టులో పడుకోబెట్టినాక, సందకాడ పురుగులను చంద్రికలకు ఎక్కించినాం. ఎక్కించిన రాత్రి మేము ఆ గది గడప దాటం. దీపం చూపించం. గూడు పట్టేటప్పుడు కదిలిస్తే పోగు తెగుతాది, గూడు పలచబడతాది. మా అవ్వ కాలం నుంచీ అంతే. మత్తుగా పడుండాడు, తెల్లారితే లేస్తాడులే అనుకుంటి. పొద్దున తలుపు కొట్టుకుంటా బయటికొచ్చినాడు. నా పురుగులు బెదిరిపోయినాయని నేనే తిట్టి పంపిస్తి. మనిషి చెయ్యి పోతాదని నాకేం తెలుసు!"

"తెలిసి ఎవురూ చేయలేదు లే. ఆయప్పను తెచ్చింది ఎవురు?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకొని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఎవురికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"ఎవురు?"

"ఇంకెవురు, నా గూళ్ళు కొనే సావుకారి. ధర్మవరం లింగప్ప."



"లింగప్పనా?" ఏసురత్నం లేచి నిలబడ్డాడు. "లింగప్పే తెచ్చినాడా వీణ్ణి?"

"కారులో తెచ్చినాడు, తానే నడుపుకుంటా. నిన్న మూడు గంటలప్పుడు. ఈడ కూచోనే ఇద్దరూ కాఫీ తాగినారు. సావుకారికి నిద్ర పట్టదని డాక్టరు మాత్రలు రాసిచ్చినాడంట. అవి నాలుగో అయిదో ఆయప్ప కాఫీలో ఏసినాడు, నేను చూస్తి. ఏమయ్యా ఇది అంటే, 'వీడు మొండోడు వెంకటక్కా. నిన్ను ఒంటిగా ఇడిచిపెట్టి నేను యాడికీ పోను అంటాండాడు. మేలుకొనుంటే నడుచుకుంటా అయినా ధర్మవరం వచ్చేస్తాడు. ఈ ఒక్క రాత్రి వాడు నా ఊళ్ళో ఉండకూడదు, ఉంటే వాని ప్రాణం ఉండదు' అనినాడు."

"ఎందుకంట?"

"సావుకారి దినామూ తాగే మందుసీసాలో ఏదో పొడి కలుపుతాంటే ఈయప్ప కండ్లారా చూసినాడంట. కలిపినోడు గూడా ఈయప్పను చూసినాడంట. 'రేపు పొద్దున వచ్చి వీణ్ణి నేనే పోలీసాయన కాడికి పిలుచుకపోతా, ఈ రాత్రికి ఇంట్లోనే కూచొని వానితో తేల్చుకుంటా' అనినాడు. పొద్దున్నుంచీ చూస్తాండా, సావుకారి రానేలేదు."

హమీద్ ఆమె ముఖం నుంచి చూపు తిప్పుకున్నాడు. రాడమ్మా, ఇంక రాడు అని ఎట్లా చెప్పడం? నేతగాణ్ణి కాపాడాలని ఆ పెద్దమనిషి వేసిన మాత్రలే అతని చెయ్యి నలిపాయి. అతన్ని దాచి తాను ఒంటిగా మిగిలి, తలుపు తెరిచి హంతకుణ్ణి ఇంట్లోకి పిలుచుకున్నాడు.

"కలిపింది ఎవురో పేరు చెప్పినాడా అక్కా?"

"పేరు చెప్పలే. 'ఒకే తల్లి పాలు తాగినాం వెంకటక్కా' అని మాత్రం ఏడ్చినాడు."

హమీద్ తల తిప్పి చూశాడు. ఏసురత్నం ముఖం గోడకు కొట్టిన సున్నంలాగా పాలిపోయి ఉంది.

"నంజుండప్ప నన్ను పిలిపించింది నిన్న సందకాడ," అన్నాడు అతను, ఒక్కొక్క మాటా బరువుగా. "చౌడప్ప అనేవాడు పట్టు ఎత్తుకొని పారిపోయినాడు, ఎట్లైనా యెతికి పట్టమని. పొద్దున హత్య సంగతి తెలిసినాక, దొంగే హంతకుడు అని నేనే అనుకుంటి."

"సందకాడ లింగప్ప బతికే ఉండాడు."

"ఉండాడు."

"మగ్గం దిగి ఒక్క పూట కనపడని నేతగాని కోసం ఎవురన్నా అనంతపురం నుంచి డిటెక్టివ్‌ను పిలిపించుకుంటారా ఏసురత్నం?"

 ఏసురత్నం జీపు వైపు నడిచాడు, రెండడుగుల తర్వాత ఆ నడక పరుగైంది. హమీద్ చెప్పులు చేతబట్టుకొని పక్కనే పరుగెత్తాడు.

"రామక్క ఉంటాది మంచం కాడ," అన్నాడు హమీద్ ఎగశ్వాసతో. "ఆమె వాణ్ణి దగ్గరికి రానీదు."

"ఆమె వరండాలో ఉండాది. ఆపరేషన్ అయినోళ్ళ గదిలో తోడుకు ఒక్కరే ఉండాలంటే, ఆడమనిషి జడుసుకుంటాదని నేనే వద్దంటిని." ఏసురత్నం తాళంచెవి జేబులోంచి లాగి జీపు ఎక్కాడు. "మూత్రపిండాలు కడగాల, మెలకువ రాగానే గుక్కగుక్కగా నీళ్ళు తాగించాల, ఎవురు తాగిస్తారని నువ్వు జీపు కాడికి పోయినాక అడిగింది డాక్టరమ్మ. 'నేనుండా గదా' అనినాడు నంజుండప్ప. ఎంత మంచోడో అనుకొని మంచం పక్కన కుర్చీ వేసి, చేతికి చెంబు ఇచ్చి వచ్చింది నేనే హమీద్‌సాబ్!"